దిబ్బ మీద మూడంగుళాలు

వెండెల్ హోయ్ట్ మా ఇంట్లో అడుగుపెట్టిన రోజు గుమ్మం దగ్గర తల వంచడం మరిచిపోయాడు. ఆ దెబ్బకి మా ఇల్లు పునాదితో సహా రెండంగుళాలు తూర్పుకి జరిగింది. అప్పటినుంచి మా వంటింట్లోకి ఎండ కాస్త ముందే వస్తోంది. నమ్మకం కుదరకపోతే మా ఆవిడ వెల్మాని అడగండి. ఇదంతా కోత అంటుంది. పెళ్లయిన నాటినుంచీ నేనేం చెప్పినా ఆవిడ అదే మాట అంటోంది కాబట్టి దాన్ని పెద్దగా పట్టించుకోకండి.

అది డెబ్బై నాలుగో సంవత్సరం, జూన్ నెల. మా ఊరు హార్లో గ్యాప్‌లో బేస్‌బాల్ మైదానం నా చేతి కింద ఉండేది. గడ్డి కోయడం, మట్టి దువ్వడం, సున్నంతో గీతలు గీయడం నా పని. వేసవి రాగానే, మా జట్టుకి సొంతదారులైన పై జట్టువాళ్లు పాతికమంది కుర్రాళ్లని బస్సులో తెచ్చి మా కొండల మధ్య దింపి వెళ్లేవాళ్లు. దేశంలోకెల్లా పెద్ద ఆటగాళ్లుండే మేజర్ లీగ్ అనే మేడకి మాది అట్టడుగు మెట్టు. మా మెట్టు మీద కాలుపెట్టిన వందమందిలో మేడ ఎక్కేవాళ్లు ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్లు మెట్టుకి కొందరు చొప్పున రాలిపోతారు. ఆ కుర్రాళ్లని ఊళ్లో ఇంటికొకణ్ణి పంచుకుని పడకా తిండీ మేమే చూసేవాళ్లం. ఆ ఏడు మా వంతుకి వెండెల్ వచ్చాడు. కాన్సస్‌లో గోధుమ చేల మధ్య పెరిగినవాడు. అరచేతులు పెనాలంత ఉండేవి.

మొదటి రోజు భోజనాల దగ్గర అడిగాడు. "మిస్ వెల్మా, ఇంకో మొక్కజొన్న రొట్టె తీసుకోనా?"

"తీసుకో నాయనా. నీ ఊపు చూస్తే పొయ్యి కూడా తినేలా ఉన్నావు. అదొక్కటీ వదిలెయ్, రేపు మళ్లీ వండాలి."

రొట్టెని మజ్జిగలో నలిపి గ్లాసులో చెంచాతో తినేవాడు. మా వైపు ముసలాళ్లు తప్ప అలా తినేవాళ్లెవరూ అప్పటికే లేరు. వెల్మా అక్కడే వాడికి పడిపోయింది. నాకది కనిపిస్తూనే ఉంది.

"ఎన్నేళ్లు నీకు?" అన్నాను.

"ఇరవై నాలుగు, సార్."

చెంచా కింద పెట్టేశాను. మా మెట్టు మీద ఉండేవాళ్లంతా పద్దెనిమిదీ పందొమ్మిదీ ఏళ్లవాళ్లు. "ఇరవై నాలుగా! నువ్వు గదిలోకొస్తే తక్కినవాళ్లు లేచి నిలబడుతున్నారా ఏంటి?"

"ఇంకా లేదు సార్. బస్సులో కిటికీ పక్క సీటు మాత్రం వదిలేస్తున్నారు, ముసలాడికి గాలాడాలని."

"ఆడేది ఎక్కడ?"

"ఫస్ట్ బేస్."

"అయ్యో," అంది వెల్మా. ఆవిడకి ఆట తెలుసు.

ఫస్ట్ బేస్ అంటే పెద్దగా పరుగెత్తక్కర్లేని చోటు. మిగతావాళ్లు విసిరిన బంతి పట్టుకుంటే చాలు. అందుకే ఎక్కడ ఆడినా పనికిరాని బండవాళ్లనీ, కాళ్లరిగిపోయినవాళ్లనీ అక్కడ నిలబెడతారు. కానీ ఊరికే నిలబెట్టరు. అక్కడ నిలబడేవాడు బ్యాటు పట్టుకుంటే బంతి కంచె దాటాలి. దాటించలేని ఫస్ట్ బేస్ ఆటగాడు పాలివ్వని ఆవు లాంటివాడు. ఎంత సాధువైనా ఎన్నాళ్లని మేపుతారు?

వెండెల్ పట్టడంలో మాత్రం ఘనుడు. నేలకి తగిలి ఎటు ఎగురుతుందో తెలియని బంతిని కూడా బురదలోంచి చేపని తీసినట్టు తీసేవాడు. వాడు అక్కడ ఉండబట్టి మా జట్టులో గురి లేని కుర్రాళ్లు నలుగురు ఆ ఏడు గురి ఉన్నవాళ్లుగా పేరు తెచ్చుకున్నారు.

కొట్టడం సంగతి నాకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. ఎలాగంటే, నేలకి అబద్ధం చెప్పడం రాదు. అందుకే దానికీ నాకూ అంత బాగా పొసగింది. ఆట అయ్యాక బ్యాటు పట్టినవాళ్లు నిలబడే సున్నపు గడిని దువ్వి చదును చేసేది నేనే. ఎవడు ఎక్కడ కాలు పాతాడో, ఎవడు వణికాడో అంతా ఆ మట్టిలో రాసి ఉంటుంది. వెండెల్ ఎడమచేతి వాటంవాడు. వాడి ఎడమకాలు కింద నాగలి దిగినంత గుంట. కుడికాలు మాత్రం, బంతి వేగంగా ఒంటి మీదికి వస్తే, పక్కకి జారేది. వాడి కుడికాలు ముందుకి పోవాల్సింది పోయి ఫస్ట్ బేస్ వైపు పోయేది. బంతి కొట్టకముందే ఆ కాలు పరుగుకి బయలుదేరిందన్నమాట. పద్దెనిమిదేళ్లవాడికైతే ఆ కాలుని మాన్పించవచ్చు. ఇరవై నాలుగేళ్ల కాలు మాట వినదు. పై మెట్ల మీద బంతులన్నీ అంత వేగంతోనే వస్తాయి.

నేనేం మాట్లాడలేదు. రోజూ ఆ గుర్తుల్ని దువ్వి చెరిపేసి ఇంటికెళ్లేవాణ్ణి. ఇంటికెళ్తే వెండెల్ వరండాలో వెల్మాతో కూర్చుని ఆవిడ చెప్పే పక్కింటి గొడవలు నోరు తెరుచుకుని వింటూ ఉండేవాడు. ఆ గొడవలు నేను ముప్పై ఏళ్ల కిందటే వినడం మానేశాను.

జూన్ ఆఖర్లో ఒక ఉదయం బంతి విసిరే పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బని సర్దుతూ పార అంచుతో కొంచెం ఎక్కువ చెక్కాను. కావాలని చెక్కానంటే ఒప్పుకోను. తర్వాతి వారం మళ్లీ చెక్కాను. అది మాత్రం కావాలనే. పది అంగుళాల ఎత్తుండాల్సిన దిబ్బ జూలై నడిమికి ఏడుకి దిగింది. దిబ్బ తగ్గితే బంతి పైనుంచి దూకదు, చదునుగా వస్తుంది. మా వెండెల్‌కి అది కంచంలో వడ్డించినట్టు. మా పిచ్చర్లకి మాత్రం గోతిలోంచి విసిరినట్టు. వాళ్లలో ఒకడు మోకాళ్లు పట్టేస్తున్నాయని నా దగ్గరే మొత్తుకున్నాడు. కొండగాలికి కొత్తవాళ్లకి అలాగే ఉంటుందని, వెల్లుల్లి నమలమని చెప్పాను. పాపం, నెలరోజులు నమిలాడు.

ఇంకేముంది, వెండెల్ కొట్టడం మొదలుపెట్టాడు. జూలై పన్నెండున వాడు కొట్టిన బంతి కంచె దాటి, బొగ్గు బళ్ల పట్టాలు దాటి, మెథడిస్టు చర్చి గంటకి తగిలింది. ఆ రోజు శుక్రవారం. అయినా గంట విని పదకొండుమంది మంచి బట్టలు వేసుకుని చర్చికొచ్చేశారు. వచ్చినవాళ్లని ఉత్తచేతుల్తో పంపడం మర్యాద కాదని పాస్టరుగారు ప్రసంగం చేశారు. ఇద్దరికి మారుమనసు కలిగింది. అందులో ఒకడు ఇప్పటికీ తాగడు.

వెల్మా విత్తనాల కొట్టువాళ్లిచ్చిన క్యాలెండర్లో వెండెల్ ఆడిన ప్రతి ఆటా రాసేది. సొంత ఊళ్లో ఆడితే ఎర్ర పెన్సిల్, బయట ఊళ్లో ఆడితే రేడియో విని నీలం పెన్సిల్. ఒక రోజు ఆ క్యాలెండర్ తెచ్చి నా ముక్కు కింద పెట్టింది.

"ఇటు చూడు హార్మన్. ఇంటి దగ్గర పదిసార్లు బ్యాటు పట్టి నిలబడితే మూడుసార్లకి తక్కువ కొట్టలేదు. బయటికెళ్తే రెండు కూడా గగనమే. ఎందుకంటావ్?"

నేను క్యాలెండర్‌ని ఆవిడ వైపే జరిపాను. "గాలి తేడా అయ్యుంటుంది..."

"గాలి లేదు, నీ మొహమూ లేదు. తిండి! దారిలో వాళ్లకి ఏం పెడతారు? చల్లారిపోయిన సాసేజి ముక్క, నిన్నటి రొట్టె. నా చేతి వంట తిన్నన్నాళ్లూ కొడుతున్నాడు, మానితే చప్పబడుతున్నాడు. ఇంత చిన్న సంగతి ఆ జట్టు మేనేజర్‌కి తెలీదు, మళ్లీ టోపీ ఒకటి!"

నిజం చెప్పాల్సిన చోటు అదే. కానీ ఆవిడ మొహం చూస్తే పెళ్లయిన కొత్తలో కూడా అంత వెలిగిపోయినట్టు నాకు గుర్తు లేదు. "అయ్యుంటుంది," అన్నాను.

ఆ తర్వాత జట్టు బయట ఊళ్లకి వెళ్లినప్పుడల్లా వెల్మా డబ్బా కట్టేది. మొక్కజొన్న రొట్టెలు, సీసాలో మజ్జిగ, ఉడికించిన బీన్సు, ఆపిల్ హల్వా. డ్రైవరు ఆ డబ్బాకి ఒక సీటు కేటాయించాడు. నాలుగు రోజులు తిరిగి వెండెల్ పదిహేనుసార్లు నిలబడి రెండేసార్లు కొట్టి వచ్చాడు.

"రొట్టె ఎండిపోయుంటుంది," అంది వెల్మా. "ఈసారి తడిగుడ్డ చుట్టిస్తా."

ఆగస్టులో మా వైపు బీన్సు కాయల్ని దారానికి గుచ్చి దండలు చేసి చలికాలానికి ఎండబెడతాం. ఒక గురువారం ముగ్గురం వరండాలో కూర్చుని గుచ్చుతున్నాం. వెండెల్ చేతిలో సూది ఉన్నట్టే కనిపించేది కాదు. కాయలు వాటంతటవే దారం ఎక్కుతున్నట్టుండేది.

"మా ఊరి హైస్కూలు నుంచి ఉత్తరం వచ్చింది," అన్నాడు తలెత్తకుండా. "వడ్రంగం నేర్పాలి, పిల్లల బేస్‌బాల్ జట్టు చూసుకోవాలి. సెప్టెంబర్ ఒకటికల్లా సంగతి చెప్పమన్నారు. నిరుడు కూడా ఆ ఉద్యోగం నా కోసం ఆపారు. ఈసారి ఆపరట."

"ఏం రాస్తున్నావు మరి?" అంది వెల్మా.

"జూన్‌లో అడిగుంటే వస్తున్నాననే రాసేవాణ్ణి. కానీ ఇక్కడ నా ఆట చూస్తుంటే... బయట ఊళ్ల సంగతి సర్దుకుంటుందిలెండి. రానని రాసేశా, మిస్ వెల్మా. ఆదివారం పై జట్టు తరఫున టిల్మన్ గారు నా ఆట చూసి వెళ్లాక పోస్టులో వేస్తా."

"శుభం! ఇంత చెయ్యి పెట్టుకుని వడ్రంగమేంటి?" అంటూ వెల్మా వాడి భుజం మీద ఒక్కటి వేసింది.

నా బొటనవేలికి సూది దిగింది. ఆ చలికాలం మా ఇంట్లో బీన్సు ఎర్రగా ఉడికాయని తర్వాత అందరికీ చెప్పుకున్నాను. అది కోతే. కానీ సూది దిగడం నిజం. మేనేజర్నీ, క్యాలెండర్నీ, ఊరినీ మోసం చేయడం నాకు తమాషాగానే ఉండేది. వాణ్ణి కూడా మోసం చేస్తున్నానని ఆ సాయంత్రం దాకా నాకు తట్టలేదు.

శనివారం పొద్దున్నే బంకమట్టి తోపుడుబండిలో వేసుకుని మైదానానికెళ్లాను. పొర వేయడం, నీళ్లు చల్లడం, దిమ్మిసతో కొట్టడం. మళ్లీ పొర. దారం కట్టి కొలిచాను. పది అంగుళాలు, ఒక్క నూలు కూడా తేడా లేదు. ఇంటికొచ్చేసరికి మోకాళ్ల దాకా ఎర్రమట్టి.

"ఎవరికి గొయ్యి తవ్వొచ్చావు?" అంది వెల్మా.

"తవ్వలేదు. పూడ్చా."

ఆవిడ నా మొహం కాసేపు చూసి, "ఆ బూట్లు బయటే వదులు," అని లోపలికి వెళ్లిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం, చర్చి అయ్యాక ఆట. టిల్మన్ తీగల కంచె వెనక మడతకుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎవణ్ణి పైకి తీసుకోవాలో, ఎవణ్ణి ఇంటికి పంపాలో పై జట్టుకి రాసిచ్చేది ఆయనే. ఒకప్పుడు పిచ్చర్ విసిరిన బంతులు పట్టే క్యాచర్. వేళ్లు ఒక్కొక్కటీ ఒక్కోసారి విరిగి అల్లం కొమ్ముల్లా ఉండేవి. అవతలి జట్టు పిచ్చర్ పందొమ్మిదేళ్లవాడు, బక్కపలచన. కానీ వాడి చేతిలోంచి బంతి వెళ్తుంటే కందిరీగ చెవి పక్కనుంచి పోయినట్టుండేది.

వెండెల్ నాలుగుసార్లు బ్యాటు పట్టుకున్నాడు. మూడుసార్లు బంతికి బ్యాటు తగలకుండానే వెనక్కొచ్చాడు. నాలుగోది కోడిపిల్లలా దొర్లుకుంటూ పిచ్చర్ చేతిలోకే వెళ్లింది. పట్టడానికొస్తే మాత్రం అంత అందంగా ఆ ఏడు మొత్తంలో పట్టలేదు. వెల్మా నా పక్కన కూర్చుని, "పొద్దున సరిగ్గా తినలేదు, నేను చూశా," అని మూడుసార్లు అంది.

ఆట అయ్యింది. జనం పోయారు. మట్టి దువ్వే పళ్లకర్ర పట్టుకుని గడి దగ్గరికెళ్లాను. నాలుగుసార్లు లాగితే చాలు. అంతే, అక్కడ ఏముందో ఎవరికీ తెలియకుండా పోతుంది. టిల్మన్ కుంటుకుంటూ ఇటే వస్తున్నాడు. నేను దువ్వకుండా పళ్లకర్రని భుజాన వేసుకుని నిలబడ్డాను.

టిల్మన్ గొంతుక్కూర్చుని మట్టి చూశాడు. బూట్లు మెడలో వేలాడేసుకుని వెండెల్ కూడా వచ్చాడు. ముగ్గురం చూశాం. ఎడమకాలిది నుయ్యంత గుంట. కుడికాలివి పక్కపక్కనే జారిన గీతలు, ఎవరో తలుపు సందులోంచి తప్పించుకుపోయినట్టు.

"చేతులు బంగారం, బాబూ," అన్నాడు టిల్మన్ వాడితో. తర్వాత నా వైపు తిరిగాడు. "హార్మన్, పై మెట్టులో ఫస్ట్ బేస్ ఖాళీగా ఉంది. పంపమంటే పంపుతా. ఇంకో రెండేళ్లు, మూడేళ్లు బస్సుల్లో తిరుగుతాడు. నేను చూసింది ఒక్క రోజు. రోజూ ఈ మట్టి దువ్వేది నువ్వు. మేజర్ లీగ్‌కి చేరతాడా?"

వెండెల్ నన్నే చూస్తున్నాడు.

"చేరడు," అన్నాను.

నా జన్మలో అంత పొట్టి కథ ఎప్పుడూ చెప్పలేదు. టిల్మన్ పెన్సిల్ మొన నాలికకి తడుపుకుని ఏదో రాసుకుని, టోపీ కాస్త ఎత్తి వెళ్లిపోయాడు.

"ఎప్పట్నుంచి తెలుసు పెద్దాయనా?" అన్నాడు వెండెల్.

"జూన్ నుంచి."

"మరి ఇక్కడ కొట్టినవన్నీ?"

"దిబ్బని మూడంగుళాలు చెక్కేశా. నిన్ననే మళ్లీ ఎత్తా."

వాడు నడుచుకుంటూ వెళ్లి దిబ్బ ఎక్కాడు. అక్కణ్ణుంచి గడి వైపు చాలాసేపు చూశాడు. తర్వాత దిగి వచ్చాడు.

"మన పిచ్చర్లకి తెలుసా?"

"లేదు."

"చెప్పకండి. వెల్లుల్లి నమిలినవాడు మిమ్మల్ని ప్రాణాల్తో వదలడు."

అని నా చేతిలోంచి పళ్లకర్ర తీసుకుని గడి అంతా తనే దువ్వాడు. నిదానంగా, నేను దువ్వేదానికంటే నున్నగా దువ్వాడు.

ఇంటి దగ్గర వెల్మాకి నేనే చెప్పాను. దిబ్బ సంగతి, కాలి సంగతి, టిల్మన్‌కి చెప్పిన ముక్క. ఆవిడ స్టవ్ ఆర్పి నా ఎదురుగా కూర్చుంది.

"నలభై ఏళ్లు! పట్టని చేపలు పట్టానన్నావు. మా నాన్న చావు దగ్గర ఎలుగుబంటి కథ చెప్పి వచ్చినవాళ్లని నవ్వించావు. ఊళ్లో నువ్వు తెల్లారిందంటే జనం బయటికెళ్లి చూసుకుంటారు. అలాంటివాడివి, ఇవాళే దొరికిందా నీకు నిజం? వాడి మీదే దొరికిందా?"

"ఆ ఉద్యోగం పోయేది వెల్మా. మూడేళ్లయ్యాక ఎవరు ఆపి పెడతారు?"

"నాకు తెలుసు," అంది. బల్ల మీది రొట్టెల పళ్లెం పక్కకి తోసి, "అయితే నా వంటకీ దానికీ ఏం సంబంధం లేదన్నమాట."

"రొట్టె మాత్రం బ్రహ్మాండం..."

"నోరు ముయ్."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వెండెల్ పాత ఉత్తరం చింపేసి కొత్తది రాశాడు. పోస్టులో వేయడానికి వెల్మానే తోడు తీసుకెళ్లాడు. మిగిలిన వారం ఆటలన్నీ ఆడాడు. కొట్టడం సంగతి వదిలేసినవాడిలా ఫస్ట్ బేస్ దగ్గర నవ్వుతూ, అవతలి జట్టువాళ్లతో కబుర్లాడుతూ ఆడాడు. క్యాలెండర్లో వెల్మా అవన్నీ ఎర్ర పెన్సిల్‌తోనే రాసింది. ఆఖరి రెండు ఆటలు బయట ఊళ్లో ఆడినా సరే.

వెళ్లే రోజు పొద్దున ఏడున్నరకి బస్సు మా ఇంటి ముందే ఆగుతుందన్నారు. వెల్మా బన్నుల్లాంటి మెత్తటి బిస్కెట్లు కాల్చి, మీద పోసే చిక్కటి చారు కాచింది. ముగ్గురం బల్ల దగ్గర కూర్చున్నాం. ఎవరికీ మాట రావడం లేదు. నలుగురిలో నోరు మూయనివాణ్ణి, నాకే రాకపోతే ఇంకెవరికొస్తుంది?

వెండెల్ గ్లాసు కింద పెట్టాడు. "పెద్దాయనా, నాకో అబద్ధం కావాలి. పెద్దది."

నేను భయంగా వెల్మా వైపు చూశాను. ఆవిడ లేచి మాకు వీపు పెట్టి గిన్నెలు తోముతోంది. గొంతు సవరించుకున్నాను.

"వచ్చే ఏప్రిల్. పై జట్టు ఫస్ట్ బేస్ ఆటగాడు మెట్లమీంచి జారాడు."

"పాపం, గట్టిగా తగిలిందా?"

"తగిలింది. రెండు కాళ్లూ..."

"కాలు బెణికిందంతే," అంది వెల్మా తిరగకుండా. "వాడికీ ఒక తల్లి ఉంటుంది."

వెండెల్ నన్ను చూశాడు. నేను వాణ్ణి చూశాను. నలభై ఏళ్లలో ఆవిడ నా కథలో కాలు పెట్టడం అదే మొదలు.

"సరే, బెణికింది," అన్నాను. "మూడు వారాలు కదలకూడదన్నారు. మేనేజర్ తల పట్టుకున్నాడు. టిల్మన్‌కి ఫోన్. టిల్మన్ కాన్సస్‌కి ఫోన్. నువ్వు బడిలో బల్లకి రంపం పెట్టి ఉన్నావు. రంపం అలాగే వదిలేసి విమానం ఎక్కావు. కొత్త చొక్కా ఇచ్చారు."

"చేతులు పొట్టివై ఉంటాయి," అంది వెల్మా. "వీడి కొలతకి వాళ్ల దగ్గరేముంటాయి? నేను కుడతా."

"ఈవిడ కుట్టింది. ఆటలో తొమ్మిదో వంతు, అంటే ఆఖరిది. స్టేడియంలో యాభై వేలమంది. దిబ్బ మీద దేశంలోకెల్లా వేగంగా విసిరేవాడు."

"దిబ్బ ఎత్తు ఎంత?" అన్నాడు వెండెల్.

"పదమూడంగుళాలు. వాళ్ల మైదానం మనిషి నాకంటే దొంగ."

వాడు గట్టిగా నవ్వాడు. తర్వాత గ్లాసు అంచు వేలితో రాస్తూ అడిగాడు. "కుడికాలు?"

"కదల్లేదు. మేకు కొట్టినట్టు నిలబడింది. బంతి వచ్చింది. నువ్వు కొట్టావు. చప్పుడుకి పక్క రాష్ట్రంలో కోళ్లు గుడ్లు పెట్టాయి. బంతి లేచింది. పై వరుస దాటింది, దీపాలు దాటింది..."

వీధి మలుపులో బస్సు హారన్ మోగింది. వెల్మా చేతులు తుడుచుకుంటూ వచ్చి వాడి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మనం ఎక్కడ కూర్చున్నాం?" అంది నాతో.

"మొదటి వరుస. ఫస్ట్ బేస్ పక్కనే."

"ఎండ పడుతుందా అక్కడ?"

"నీ వైపు పడదు."

"ఊఁ. తర్వాత?"

బస్సు గేటు ముందు ఆగి మళ్లీ హారన్ కొట్టింది. ముగ్గురిలో ఎవరమూ లేవలేదు. బంతి ఇంకా గాల్లోనే ఉంది.